కొండెక్కే ముందు నీళ్ళు తాగండి

"ఈ ఆదివారం అందరం కలిసి ఎక్కడికైనా కొండలకి పోదామా?" అని ఇంట్లో మగవాళ్ళు అన్నారనుకోండి, మనకి కళ్ళముందు కనిపించేది కొండా కాదు, సెలయేరూ కాదు. ఎంత చింతపండు నానబెట్టాలి, పాలవాడికి ఎన్ని రోజులు వద్దని చెప్పాలి, ఆరేసిన బట్టలు ఎవరు తీస్తారు, పిల్లాడి స్వెట్టరు ఏ అరలో ఉంది! అవునా, కాదా? వాళ్ళకి విహారం ఆదివారం పొద్దున మొదలైతే మనకి శుక్రవారం రాత్రి వంటింట్లోనే మొదలవుతుంది. అందుకే ఈ వారం ఈ కబుర్లు. మొన్న కార్తీకం దాటాక మా ఇంటిల్లిపాదీ రెండు రోజులు అహోబిలం వెళ్ళొచ్చాం. మీలో చాలామంది దర్శనానికి వెళ్ళే ఉంటారు. కానీ కొండెక్కి జ్వాలా నరసింహస్వామి దాకా నడిచినవాళ్ళు ఎంతమంది? దారి కష్టమని పెద్దవాళ్ళు భయపెడతారు. కష్టమే. కానీ ఆడవాళ్ళకి ఆ దారికంటే ఎక్కువ కష్టం కలిగించే సంగతులు వేరే ఉన్నాయి. వాటి గురించి ఎవరూ నోరు విప్పరు. నేను విప్పుతాను.

ముందు ఊరి సంగతి. అహోబిలం నల్లమల అడవిలో, ఆళ్ళగడ్డ దగ్గర ఉంది. ఇదివరకు కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా. దిగువ అహోబిలం ఒకటి, అక్కడికి ఎనిమిది కిలోమీటర్ల పైన ఎగువ అహోబిలం ఒకటి. స్వామివారు తొమ్మిది చోట్ల తొమ్మిది రూపాల్లో ఉంటారు కాబట్టి నవ నారసింహ క్షేత్రం అంటారు. జ్వాలా, అహోబిల, మాలోల, వరాహ, కారంజ, భార్గవ, యోగానంద, ఛత్రవట, పావన నరసింహులు. తొమ్మిదీ ఒక్క రోజులో చూసేద్దామని హడావిడి పడకండి. అలా చూసినవాళ్ళకి చెప్పులు విప్పిందీ తొడుక్కున్నదీ తప్ప ఏదీ గుర్తుండదు. మేము శనివారం మధ్యాహ్నానికి దిగువకి చేరి గది తీసుకుని, బండి వెళ్ళే చోట్లు మాత్రం చూశాం. యోగానంద, ఛత్రవట, ఎగువకి వెళ్ళే దారిలో కారంజ, ఇవి మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు కూడా హాయిగా చూడొచ్చు. దిగువలో ప్రహ్లాద వరదుడి గుడి దగ్గర రాయలవారి జయస్తంభం ఉంది, పిల్లలకి చూపించండి. ఆదివారం మొత్తం కొండకి వదిలేశాం. పావన నరసింహస్వామి అడవి లోపల చాలా దూరం, దాన్ని ఈసారికి పక్కన పెట్టాం.

ఎగువ నుంచి జ్వాలకి సుమారు నాలుగు కిలోమీటర్లు. కొంత మెట్లు, కొంత రాళ్ళు, మధ్యలో భవనాశిని వాగు దాటడం. కిలోమీటరు పోగానే వరాహ నరసింహుడు వస్తాడు. వెళ్ళడానికి కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. ఎండాకాలం బండలు కాలిపోతాయి. వానాకాలం మాత్రం అసలు వద్దు. మన నెత్తిన మబ్బు లేకపోయినా పైన ఎక్కడో వాన పడితే వాగు ఉన్నట్టుండి పొంగుతుంది. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు, ఆ జనంలో చిన్నపిల్లలతో కొండెక్కడం నాకైతే ఇష్టం లేదు.

ఇప్పుడు మన వంటింటికి వద్దాం. ఎనిమిది మందికి కిలో బియ్యం పులిహోర సరిపోతుంది. పావుకిలో చింతపండు వేడినీళ్ళలో నానబెట్టి చిక్కగా గుజ్జు తీసి, పచ్చిమిరపకాయలు, కరివేపాకు, పసుపు, ఉప్పు, కొంచెం బెల్లం వేసి, నూనె పైకి తేలేదాకా ఉడికించండి. ఇది శుక్రవారం రాత్రే చేసి సీసాలో పెట్టుకోవచ్చు. దినుసుల్లో మా సీమవాళ్ళం చెనిక్కాయ విత్తనాలు ధారాళంగా వేస్తాం. అన్నం పొడిపొడిగా వండి, పళ్ళెంలో పరిచి, బాగా చల్లారాక కలపాలి. వేడివేడిగా డబ్బాలో కుక్కి మూత పెడితే ఆవిరి నీరై దిగి మధ్యాహ్నానికి వాసన వేస్తుంది. చింతపండు ఉంది కదా, ఏం కాదులే అనుకోకండి. మేము వండినది ఆదివారం పొద్దున్నే, దిగువలో గది పక్కన వంటకి చోటుంటే చిన్న స్టవ్ మీద. మీకు ఆ వీలు లేకపోతే సజ్జరొట్టెలు చేసుకెళ్ళండి. తడి లేకుండా బాగా కాల్చిన సజ్జరొట్టె, చెనిక్కాయ పొడి ఉంటే రెండు రోజులు బెంగ లేదు.

పెరుగన్నం ప్రయాణంలో పులుస్తుంది. అన్నం మెత్తగా వండి, కాచి చల్లార్చిన పాలు ఎక్కువ పోసి, పెరుగు ఒక్క చెంచా మాత్రం కలపండి. మధ్యాహ్నానికి డబ్బాలోనే తోడుకుని కమ్మగా ఉంటుంది.

ఈ భోజనమంతా కిందే బండిలో ఉంచండి. కొండ మీదకి మోసుకెళ్ళేవి నీళ్ళు, పప్పుండలు, నాలుగు ఉప్పు పొట్లాలు, నిమ్మకాయలు, అంతే. చేతిలో ప్లాస్టిక్ కవరు కనిపిస్తే చాలు, కోతులు వచ్చి లాక్కుంటాయి. అరటిపళ్ళు పట్టుకెళ్ళడమంటే వాటిని పేరంటానికి పిలిచినట్టే. అన్నీ భుజాన తగిలించుకునే సంచిలో వేసి జిప్పు వెయ్యండి. ఇంకొక సంగతి, ఆ సంచి మనమే మొయ్యాలని ఎక్కడా రాసి లేదు. మా ఇంట్లో పెద్ద సంచి మా మరిదికి, నీళ్ళ సంచి మా వారికి ఇచ్చాం. పిల్లలు ఎవరి సీసా వాళ్ళు మోసుకున్నారు.

పొద్దున టిఫిను నంద్యాలవాళ్ళం కదా, ఉగ్గాని. బజ్జీలు లేవని మా పిల్లాడు మూతి ముడిచాడు. కొండెక్కే ముందు నూనె బజ్జీలు తింటే సగం దారిలో ఆయాసమొస్తుంది. కానీ ఏమీ తినకుండా ఎక్కడం అంతకంటే తప్పు. మా అత్తగారికి డెబ్భై దాటాయి, పదేళ్ళుగా షుగరుకి మాత్రలు వాడుతున్నారు. "దేవుడి కొండకి ఎవురైనా తిని ఎక్కుతారా? దర్శనమైనాకే తింటా" అని భీష్మించుకున్నారు. షుగరు మాత్ర వేసుకుని పస్తుతో నడిస్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం, ఒక్కోసారి స్పృహే తప్పుతుంది. ఆ మాట డాక్టరుగారు చెప్పినా ఆవిడ వినే రకం కాదు. అందుకని నేను వేరే దారి పట్టాను. "అత్తా, నరసింహస్వామి చెంచులక్ష్మిని చేసుకున్నాడు, చెంచులకి ఆయన అల్లుడు. అల్లుడి ఇంటికి పస్తుతో పోతే ఆయనకి నామర్దా గదా?" అన్నాను. మా మరిది ఫక్కున నవ్వాడు. ఆవిడ కూడా నవ్వి గిన్నెడు ఉగ్గాని తిన్నారు. మీ ఇంట్లో షుగరు ఉన్నవాళ్ళుంటే వెళ్ళే ముందు డాక్టరుని అడిగి, మాత్ర ఎప్పుడు, తిండి ఎప్పుడు అని రాసి పెట్టుకోండి. జేబులో గ్లూకోజు బిళ్ళలో, పంచదారో ఉండాలి.

చెంచుల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఏటా సంక్రాంతి మర్నాడు, కనుమనాడు స్వామివారు పారువేటకి బయల్దేరతారు. నలభై రోజులకి పైగా చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి తన కల్యాణానికి తానే పిలుపులు పిలుస్తారు. ఇంటి పని వదిలి రెండు రోజులు తిరిగొస్తానంటే మనకి వంద సంజాయిషీలు!

సరే, అసలు విషయానికొస్తాను. దిగువలో గదులున్నాయి, ఏ ఇబ్బందీ లేదు. ఎగువ దాటి కొండ దారి పట్టాక ఆడవాళ్ళకి మరుగు లేదు. అందుకని మనం ఏం చేస్తాం? నీళ్ళు తాగడం మానేస్తాం. బస్సు ప్రయాణానికీ ఇదే, పెళ్ళికి వెళ్ళినా ఇదే, చిన్నప్పటి నుంచీ మనకి అమ్మ నేర్పిన ఉపాయం ఇదే. బస్సులో కూర్చున్నప్పుడు ఎలాగో గడిచిపోతుంది. చెమట కక్కుతూ కొండెక్కేటప్పుడు గడవదు.

మా వదిన, అంటే మా వారి అక్క, హైదరాబాదు నుంచి వచ్చింది. వయసు యాభై రెండు. శనివారం బస్సు ఎక్కినప్పటి నుంచీ గుక్కెడు నీళ్ళు ముట్టలేదట. ఆదివారం పొద్దున అరగ్లాసు కాఫీ. ఆ సంగతి మాకెవరికీ చెప్పలేదు. ఎనిమిదింటికి నడక మొదలుపెట్టాం. మా అత్తగారికి డోలీ కుదిర్చాం. వరాహ నరసింహస్వామి దగ్గరికి వచ్చేసరికి వదిన మాటలు తగ్గిపోయాయి. ముందు తలనొప్పి అంది. తర్వాత ఓ బండ మీద కూర్చుని, "నాకు కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయే" అని పక్కకి ఒరిగిపోయింది. పెదాలు ఎండి బీటలువారి ఉన్నాయి. మా పిల్లలు బెంబేలెత్తిపోయారు.

ఇలాంటప్పుడు చుట్టూ మూగి, ముఖాన నీళ్ళు కొట్టి, లేపి కూర్చోబెట్టి, గటగటా తాగించడం మన అలవాటు. స్పృహ సరిగా లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పొయ్యకూడదు, పొరబోతుంది. నీడకి చేర్చి వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళ కింద సంచి పెట్టి ఎత్తు చేశాం. జాకెట్టు హుక్కులు రెండు సడలించి, నా చున్నీ తడిపి మెడ చుట్టూ వేశాను. నిమిషంలో కళ్ళు తెరిచి మాట్లాడింది. అప్పుడు గుక్క తర్వాత గుక్కగా ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు. ఈ కొలత మీ వంటింటి గోడ మీద రాసి పెట్టుకోండి: లీటరు శుభ్రమైన నీళ్ళకి తలకొట్టిన చిన్న చెంచాలు ఆరు పంచదార, అర చెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువ కాకూడదు. మందుల షాపులో దొరికే ఓఆర్ఎస్ పొట్లాలైతే పొట్లం మీద ఎన్ని నీళ్ళని రాస్తే అన్నే కలపండి. వాంతులైనా, మాట తడబడినా, చర్మం కాలిపోతున్నా ఇంటి వైద్యం పెట్టుకోకుండా ఆసుపత్రికి వెళ్ళిపోవాలి.

అరగంటకి వదిన లేచి కూర్చుంది. "నా వల్ల అందరికీ అయ్యె, నేను నడుస్తా పదండి" అని ఏడుపు. కళ్ళు తిరిగి పడ్డ మనిషిని ఇంకో మూడు కిలోమీటర్లు ఎక్కించడం తెలివైన పని కాదని నేనన్నాను. ఇంతలో మా అత్తగారు డోలీలోంచి దిగారు. "దీన్ని ఇందులో ఎక్కించి కిందికి తీసుకపోండి. నేను పక్కన నడిచి దిగుతా. కొండ యాడికీ పోదు, పిల్ల ముఖ్యం" అన్నారు. యాభై రెండేళ్ళ పిల్ల! వదిన తల్లి చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఇప్పుడు వాళ్ళతో కిందికి ఎవరు పోవాలి? ఇలాంటి చోట మన ఇళ్ళల్లో ఎవరూ అడగరు కూడా. కోడలే వెనక్కి తిరగాలి, అది ఆనవాయితీ. నేను చెప్పులు సర్దుకుని లేచాను కూడా. మా అత్తగారు నా వైపు చూసి, "నువ్వు పోమ్మా పైకి. పెండ్లైనప్పటి నుంచి అడుగుతున్నావు. నాకు వాడు చాల్లే" అని కొడుకుని పిలిచారు. మా వారు కాసేపు తెల్లమొహం వేసి, "సరే, పోయిరా" అన్నారు. ఇరవై మూడేళ్ళలో ఆ మాట నేను ఆ ఇంట్లో విన్నది అదే మొదటిసారి.

మా మరిది, తోడికోడలు, నా పిల్లలిద్దరితో కలిసి పైకి వెళ్ళాను. డోలీ మోసేవాళ్ళ గురించి ఓ మాట. డబ్బు ముందే మాట్లాడుకోండి, దించాక గీచి గీచి బేరమాడకండి. మనకి ఇచ్చుకున్నట్టే వాళ్ళకీ పప్పుండ, నీళ్ళు ఇవ్వండి.

నడక అరగంటకి ఓసారి ఆపి అరగ్లాసు నీళ్ళు తాగాం, దాహం వేసినా వెయ్యకపోయినా. మరి ఆ ఇబ్బంది మాటేమిటంటారా? బయల్దేరే ముందు గదిలోనే వెళ్ళి వచ్చాం. దారిలో అవసరమైనప్పుడు ఆడవాళ్ళం ముగ్గురం కలిసి, మగవాళ్ళని ముందుకి పంపి, పెద్ద దుప్పటి అడ్డం పట్టుకున్నాం. దారికి మరీ దూరం పోలేదు, వాగు పక్కకి అసలే పోలేదు. అడవి కదా, చిరుతలు, ఎలుగుబంట్లు ఉండే చోటు, ఆడపిల్లని ఒక్కదాన్నీ పొదల్లోకి పంపకండి. వాడిన కాగితం, న్యాప్‌కిన్ ఏదైనా కవర్లో కట్టి కిందికే తెచ్చాం. దుప్పటి ఒకటి మోసుకెళ్ళడం పెద్ద బరువేం కాదు, చూడండి.

నెలసరి గురించి కూడా చెప్పాలి. గుడి ఉన్న ప్రయాణమంటే తేదీ చూసి, జరగడానికి మాత్రలు మింగడం మనవాళ్ళకి మామూలైపోయింది. పక్కింటావిడ వాడిన చీటీ పట్టుకెళ్ళి మనమూ కొనుక్కుంటాం. ఆ మాత్రలు సాధారణంగా తేదీకి మూడు రోజుల ముందు మొదలుపెట్టాలి, ఆపిన రెండు మూడు రోజులకి నెలసరి వస్తుంది. అంతవరకూ అందరికీ తెలుసు. రక్తం గడ్డకట్టే జబ్బు, కాలేయం జబ్బు ఉన్నవాళ్ళకి అవి ప్రమాదమని ఎంతమందికి తెలుసు? డాక్టరుని అడగకుండా వద్దు, పదహారు పదిహేడేళ్ళ పిల్లలకి మరీ వద్దు. మా పెద్దది ఇంటరు రెండో ఏడు. దాని తేదీ ముందే అడిగి, దాన్ని బట్టి మా ప్రయాణమే వారం వెనక్కి జరిపాను. మాత్ర మింగించడం కంటే క్యాలెండరు జరపడం తేలిక. పైకి ఎందుకు జరిపానో ఎవరికీ చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు.

వాగు దాటి, మలుపు తిరిగాక కొండ మీద నుంచి నీళ్ళు పడుతుంటాయి. ఆ నీటి ధార కింద నుంచే మెట్లు, పక్కన ఇనుప కమ్మీలు. తల తడుస్తుంది, మెట్లు జారతాయి, పట్టుకుని నడవండి. అది దాటితే జ్వాలా నరసింహస్వామి గుడి. ఆ పక్కనే రక్తకుండం అనే చిన్న గుంట, హిరణ్యకశిపుణ్ణి చంపాక స్వామి చేతులు కడుక్కున్నాడని చెబుతారు. మా పిల్లాడు గంభీరంగా తొంగి చూశాడు. నేను మాత్రం గుడి ముందు బండ మీద పది నిమిషాలు ఊరికే కూర్చున్నాను. ఎవరికీ ఏమీ వడ్డించక్కర్లేని పది నిమిషాలు.

అక్కడి నుంచి ఉగ్రస్తంభం కనిపిస్తుంది. స్వామి వెలువడిన స్తంభం అదేనంటారు. చూడగానే పిల్లాడికీ మా మరిదికీ కాళ్ళు ఆగలేదు. ఆ ఎక్కడం మనలాంటి సంసారుల నడక కాదు. నిటారు బండలు, పట్టు తప్పితే కిందే. దారి తెలిసిన మనిషి లేకుండా, పిల్లలతో వెళ్ళే చోటు కాదు. పైగా ఎక్కడం మొదలుపెట్టేటప్పుడే ఒక షరతు పెట్టుకున్నాం, ఎక్కడున్నా సరే పన్నెండున్నరకి వెనక్కి తిరగాలని. అప్పటికి పన్నెండుంపావు. మరిది బతిమాలాడు, పిల్లాడు అలిగాడు. తిరిగాం. పొద్దుగూకేలోగా అడవి దాటి రావాలి. ఫోను సిగ్నలు ఉంటుందన్న ధైర్యంతో ఆలస్యం చెయ్యకండి, కొండ మలుపుల్లో అది పనిచెయ్యదు.

దిగడం తేలికనుకుంటారు. మోకాలి చిప్ప మీద బరువు దిగేటప్పుడే ఎక్కువ పడుతుంది. చిన్న చిన్న అడుగులు వేస్తూ, మోకాలు కాస్త వంచి, కర్ర ముందు ఆనించి దిగండి. కర్ర తీసుకోవడం నామోషీ కాదు. కొత్త బూట్లు ఆ రోజే తొడుక్కోవద్దు, వారం ముందు నుంచీ ఇంటి చుట్టూ వేసుకుని తిరగండి. బొబ్బలు రావు. చీరతో నడిచేవాళ్ళు నూలు చీర కట్టుకుని కుచ్చిళ్ళు కాస్త పైకి ఎగదోపండి. మా తోడికోడలు సిల్కు చీరతో వచ్చి వాగు దగ్గర రెండుసార్లు జారింది. చుడీదారు అలవాటున్నవాళ్ళకి అదే సుఖం.

రెండున్నరకి ఎగువకి చేరాం. వదిన మెట్ల మీద కూర్చుని మజ్జిగ తాగుతోంది. అత్తగారు మా అందరికీ ఆకులు పరిచి పులిహోర వడ్డించారు. ఎగువ గుళ్ళో స్వామి దర్శనం మాత్రం వాళ్ళకి అయిందట. వారం తర్వాత వదిన హైదరాబాదు నుంచి ఫోను చేసింది. మూత్రంలో మంట ఉంటే డాక్టరుకి చూపించుకుందట, పరీక్షలో ఇన్‌ఫెక్షన్ అని తేలింది. నీళ్ళు తాగక, వచ్చినప్పుడు ఆపుకుంటే అలాంటివి వచ్చే అవకాశం ఎక్కువ. మందులు వాడుతోంది. ఇప్పుడు బస్సు ఎక్కినా సీసా పక్కనే ఉంటోందని చెప్పింది.

సోమవారం పిక్కలు పట్టేస్తాయి, మంగళవారం ఇంకా ఎక్కువ. గోరువెచ్చటి నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని, ఇంట్లోనే కాసేపు నడుస్తూ ఉండండి, పూర్తిగా పడుకుంటే ఇంకా బిగుసుకుంటాయి. ఎర్రమట్టి పట్టిన బట్టలని తడిమీద రుద్దకండి. బాగా ఆరనిచ్చి, దులిపి, తర్వాత సబ్బు నీళ్ళలో నానబెట్టండి. మిగిలిన పులిహోర గుజ్జు సీసాలో, తడి చెంచా పెట్టకుండా, ఫ్రిజ్‌లో ఉంచితే వారం పైనే ఉంటుంది. బుధవారం పిల్లల క్యారియర్లకి నేను అదే కలిపాను. సజ్జరొట్టె విరగకుండా ఎలా తట్టాలని కిందటి వారం కొందరు అడిగారు, అది వచ్చేవారం రాస్తాను.